కొండ కింద విప్పిన బూట్లు

ఈ కొండ పేరు నేను రాయడం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. టోక్యోకి ఉత్తరాన రైల్లో మూడు గంటలు, ఆ పైన బస్సులో యాభై నిమిషాలు, అంతవరకు చెబుతాను. వెళ్ళింది జనవరిలో. జపాన్‌లో శీతాకాలం కొండెక్కాలని వివరాలు వెతుక్కునేవాళ్ళకి పనికొచ్చే సంగతులు ఇందులో ఉంటాయి. సరదా మాత్రం పెద్దగా ఉండదు, ముందే చెప్పేస్తున్నాను.

మాది బర్మాలో యాంగోన్, అదే పాత రంగూన్. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. నాన్న ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను చౌక్తడాలో కోర్టుల వెనక సందులో కాగితాలు టైపు చేసే చిన్న షాపు నడుపుతాను. జపాన్ వెళ్ళే పిల్లల దరఖాస్తులు టైపు చేసీ చేసీ, సాయంత్రం క్లాసులకి ఒక ఏడాది వెళ్ళీ, నాలుగు జపాన్ ముక్కలు నాకూ వచ్చాయి. తమ్ముడు సింహాద్రి నాకన్నా పదమూడేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, అంచేత వాడి జడ్డితనం, మొండితనం, మంచితనం అన్నీ నా పెంపకమే. నాలుగేళ్ళ క్రితం జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే పనికి వెళ్ళాడు.

నేను జపాన్ వెళ్ళడానికి ముందటి జనవరిలో నాన్న పోయాడు. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. "నువ్వు రాకు" అని తమ్ముడికి ఫోనులో చెప్పింది నేనే. కుర్రాళ్ళని సైన్యంలోకి పట్టుకుపోతున్న ఈ రోజుల్లో ఆ వయసు మగపిల్లాడు యాంగోన్‌లో దిగితే మళ్ళీ బయటికి వెళ్ళడం మాటలు కాదు. చితికి నిప్పు నేనే పెట్టాను. కుండ భుజాన పెట్టుకుని తిరుగుతుంటే మా బాబాయి ఫోను ఎత్తి పట్టుకున్నాడు, వాడు అక్కణ్ణుంచి చూశాడు. రెండో చుట్టులో ఫోను ఆగిపోయింది. ఆ తరవాత ఏడాదంతా వాడి నోట నేను విన్నది ఒకటే మాట: "బాగానే ఉన్నానక్కా." వీడియో పెడితే ఫోను బల్లమీద పడేసేవాడు, నాకు గది పైకప్పు కనిపించేది. నాన్న గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి ఇలా అయిపోతే ఎవరికి నిద్రపడుతుంది? అందుకే వెళ్ళాను. మనిషిని కళ్ళారా చూసి, వాడు నిజంగా బాగున్నాడో లేదో తేల్చుకోవాలని. అంతకుమించి నాకు జపాన్‌తో పనేమీ లేదు.

వీసాకి ఇరవై రోజులు పట్టింది. తమ్ముడి దగ్గరనుంచి ఆహ్వాన పత్రం, వాడి ఉద్యోగం కాగితం, నా బ్యాంకు కాగితం, రోజువారీ ప్రయాణ వివరం, ఇవన్నీ అడుగుతారు. వివరం ఎంత చిన్నగా, సూటిగా రాస్తే అంత మంచిది. మా ఇంటి కింద అంతస్తులో ఉండే ఊ తేన్ తన టాక్సీలో విమానాశ్రయానికి తీసుకువెళ్ళాడు. మగవాళ్ళ పేరు ముందు 'ఊ', ఆడవాళ్ళ పేరు ముందు 'మ' చేర్చడం బర్మావాళ్ళ మర్యాద. తెల్లవారుజామున బయల్దేరినా దారిలో రెండు చోట్ల తనిఖీకి ఆపుతారు, ఒక గంట చేతిలో ఉంచుకోండి. "ఈ చలికాలంలో జపాన్ ఏమిటి మ పార్వతీ? చలి కావాలంటే మా ఫ్రిజ్ తలుపు తీసి కూర్చోకూడదూ?" అన్నాడు. "కరెంటు ఉంటే అలాగే కూర్చునేదాన్ని ఊ తేన్" అన్నాను. నవ్వాడు గానీ, దింపేటప్పుడు మాత్రం "తమ్ముణ్ణి అడిగానని చెప్పు. ఇక్కడికి మాత్రం రావద్దని చెప్పు" అన్నాడు. ఆ మాట నేనిదివరకే చెప్పి ఉన్నాను.

బ్యాంకాక్‌లో విమానం మారి, టోక్యోలో దిగి, మర్నాడు మామూలు రైలు పట్టుకున్నాను. వేగం రైలు అక్కర్లేదు. మామూలు రైల్లో ఒకసారి మారితే దాదాపు మూడువేల యెన్లలో చేరిపోతాం. తమ్ముడు స్టేషన్‌కి వచ్చాడు. నాలుగేళ్ళ తరవాత చూడ్డం. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళకింద నల్లగా, వాడి వయసుకి పదేళ్ళు కలిపినట్టు ఉన్నాడు. నేను ఏడిచాను, వాడు ఏడవలేదు. నా సంచీ అందుకుని హోటల్ దాకా మోసుకొచ్చాడు. వాడి హాస్టల్లోకి బయటివాళ్ళని రానివ్వరట. హోటల్ గుమ్మం దగ్గర "అక్కా, నాన..." అని మొదలెట్టి ఆపేశాడు. "ఏట్రా?" అంటే, "ఏటీ లేదు. రేపు నాకు సెలవు. కొండకెల్దాం. పైన గుడున్నాది. తొమ్మిదికి కింద బస్టాపు కాడ ఉంటాను" అన్నాడు. తను సైకిల్ మీద వేరే దారిన వస్తాడట. సరే అన్నాను. వాడంతట వాడు ఒక ప్రయాణం పెట్టడమే నాకు పండగలా అనిపించింది.

ఇక నా ఘనకార్యం. ఎనిమిదీ పదికి బస్సు. ఎనిమిదింటికే స్టేషన్ ముందు స్టాపులో నిలబడ్డాను. ఎనిమిదీ పదికి బస్సు వచ్చింది, నా ఎదురుగా రోడ్డుకి అవతలి పక్క ఆగింది, వెళ్ళిపోయింది. చెయ్యి ఊపాను, అరిచాను, డ్రైవరు వంగి నమస్కారం పెట్టి మరీ వెళ్ళిపోయాడు. జపాన్‌లో బళ్ళు ఎడమవైపు నడుస్తాయి. మా బర్మాలో కుడివైపు. నేను పుట్టి బుద్ధెరిగి కుడిపక్కనే బస్సెక్కినదాన్ని, కాళ్ళు వాటంతటవే ఇటు తీసుకొచ్చి నిలబెట్టాయి. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి ఈ తిప్పలు ఉండవు, బర్మా నుంచి వెళ్ళేవాళ్ళు మాత్రం రోడ్డు దాటే ముందు ఒకసారి ఆలోచించండి. శీతాకాలం ఆ కొండకి రెండు గంటలకో బస్సు. తరవాతిది పదీ పదికి. తమ్ముడికి ఫోను చేస్తే కలవలేదు. బస్సు పోయింది, పదకొండుకి వస్తానని సందేశం పెట్టాను. చూసిన గుర్తు రాలేదు.

పదీ పది బస్సులో నేను కాక ఇంకొక ముసలాయన ఉన్నాడు, ఆయనా సగం దారిలో దిగిపోయాడు. టికెట్టు ఎనిమిది వందల డెబ్భై యెన్లు, దిగేటప్పుడు డబ్బాలో వెయ్యాలి, చిల్లర దగ్గరుంచుకోండి. దారి పొడుగునా మంచు. మంచంటే తెల్లగా పడేది కాదు, మొహింగా చేపల పులుసు కుండ మూత తీసినప్పుడు వచ్చే ఆవిరిలాంటిది. కాకపోతే చల్లటి ఆవిరి, ఎంతకీ పోదు. కిటికీలోంచి చెట్ల మొదళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. "ఈ రోజు పైనుంచి ఏమీ కనిపించదండీ" అన్నాడు డ్రైవరు, అదేదో తన తప్పయినట్టు. "ఫరవాలేదు, మా తమ్ముడు కనిపిస్తే చాలు" అన్నాను. నాకొచ్చిన జపాన్ భాషలో అది సరిగ్గా ఉందో లేదో తెలియదు. తిరుగు బస్సు ఒంటిగంటకి, ఆ తరవాత మూడింటికి అని రెండుసార్లు చెప్పి దింపాడు.

బస్టాపులో ఎవరూ లేరు. వాడి సైకిల్ మాత్రం తాళం వేసి ఉంది. యాభై అడుగుల అవతల రాతి మెట్లు మొదలవుతాయి. మెట్ల ముందు కొయ్య ద్వారం, దాని పక్కన ఒక టీకొట్టు. కొట్టు ముందు ఏప్రన్ కట్టుకున్న అవ్వ ఒకామె నిలబడి, మొదటి మెట్టు వైపు చూస్తోంది. చేతిలో ఫోను ఉంది. ఆమె చూస్తున్న చోటికి నేనూ చూశాను.

మొదటి మెట్టు పక్కన ఒక జత బూట్లు ఉన్నాయి. రెండూ పక్కపక్కన, సమంగా, మేజోళ్ళు మడిచి లోపల పెట్టి. తాళ్ళ కొసలు పైకి వేలాడకుండా బూటు లోపలికి దోపి ఉన్నాయి. వర్క్‌షాపులో మిషన్లకి తగులుకోకుండా నాన్న అలాగే దోపేవాడు, మా ఇద్దరికీ అదే నేర్పాడు. ఇంకెవరివో అనుకోవడానికి వీల్లేదు.

"ఇవి మీకు తెలిసినవాళ్ళవా?" అంది అవ్వ.

"మా తమ్ముడివి" అన్నాను.

ఆమె మొహంలో రంగు మారిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చిన్నచిన్న మాటల్లో చెప్పింది. తొమ్మిదిన్నరకి కొట్టు తెరిచేసరికే ఇవి ఇక్కడ ఉన్నాయట. గంటన్నర అయింది, ఎవరూ దిగి రాలేదట. పైన ఒక చోట కొండ గోడలా తెగిపోయి ఉంటుందట. "మా దేశంలో బూట్లు ఇలా వరసగా పెట్టి వెళ్ళినవాళ్ళు తిరిగి రారమ్మా. చచ్చిపోదామనుకున్నవాళ్ళే ఇలా పెడతారు. నేను పోలీసులకి ఫోను చెయ్యబోతున్నాను" అంది.

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, పిచ్చిదానిలా. "కాదు కాదు, అలాంటిది కాదు. మా ఊళ్ళో గుడి కొండమీద ఉంటే కింది మెట్టు దగ్గరే చెప్పులు విప్పుతాం. అందరూ విప్పుతారు. అది భక్తి" అన్నాను. యాంగోన్‌లో పెద్ద పగోడాకి ఎక్కేవాళ్ళం మెట్ల మొదట్లోనే విప్పేస్తాం, ఎంత ఎండైనా, వానైనా. అసలు అంత మాట అంటున్నప్పుడే నా చెయ్యి నా బూటు జిప్పు మీద ఉంది. ద్వారం చూడగానే నాకు తెలియకుండానే వంగి సగం లాగేశాను. "చూడండి, నేనూ విప్పబోయాను" అని చూపించాను.

అవ్వ నా బూటు చూసింది, తమ్ముడి బూట్లు చూసింది. "పైన మంచు గడ్డకట్టి ఉంది. ఈ చలిలో ఒట్టికాళ్ళతోనా?" అంది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. ఏడాదిగా పైకప్పు చూపించిన ఫోను గుర్తొచ్చింది. పీక్కుపోయిన బుగ్గలు గుర్తొచ్చాయి. భక్తితో విప్పిన బూట్లు ఎలా ఉంటాయో, ఆ రెండో రకం బూట్లూ అలాగే ఉంటాయి. చూసి చెప్పడానికి వీల్లేదు.

"నేను వెళ్ళి తీసుకొస్తాను" అన్నాను. ఆమె కొట్టులోకి పరిగెత్తి, నా బూట్లకి కింద కట్టుకునే ఇనప పళ్ళ పట్టీలు తెచ్చి తనే వంగి కట్టింది. ఇవి లేకుండా శీతాకాలం ఆ మెట్లెక్కకండి. "పన్నెండున్నర దాకా చూస్తాను. అప్పటికి మీరు రాకపోతే ఫోను చేస్తాను" అంది. తమ్ముడి బూట్లు చేతిలో పట్టుకుని ఎక్కడం మొదలెట్టాను. టైము పదకొండూ అయిదు.

మెట్లు అయిదొందల చిల్లర. రెండు పక్కలా నిటారుగా దేవదారు చెట్లు, పది మెట్ల అవతల ఏముందో కనిపించదు. చెట్ల మీంచి నీళ్ళ బొట్లు పడుతున్నాయి, అంతకుమించి చప్పుడు లేదు. అక్కడక్కడ మెడలో ఎర్రగుడ్డ కట్టిన చిన్న రాతి విగ్రహాలు ఉంటాయి. మామూలుగా వెళ్ళేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకోవచ్చు. నేను ఆగలేదు. సగం దాటాక మెట్ల మీద పల్చగా తెల్లటి మంచు మొదలైంది, దానిమీద ఒట్టికాళ్ళ అడుగులు కనిపించాయి. అయిదేసి వేళ్ళతో, ముద్దగా, చిన్నపిల్లాడు తడికాళ్ళతో ఇల్లంతా తిరిగినట్టు. అన్నీ పైకి వెళ్ళేవే, కిందికి దిగినవి ఒక్కటీ లేవు. అప్పన్నబాబూ, వీణ్ణి నాకు ఇచ్చెయ్యి, ఇంకేమీ అడగను అనుకుంటూ ఎక్కాను. రొప్పుతూ అనుకున్నాను కాబట్టి ఆయనకి ఎంతవరకు వినిపించిందో.

మెట్ల చివర చిన్న గుడి. తలుపులు వేసి ఉన్నాయి. గుడి ముందు అడుగులు ఒకచోట ఆగి, దణ్ణం పెట్టుకున్నట్టు రెండు పాదాలూ దగ్గరగా ఉన్నాయి. అక్కణ్ణుంచి ఎడమవైపు తిరిగాయి. ఎడమవైపు బాణం గుర్తుతో ఒక బోర్డు ఉంది, కింద లోయ చూసే చోటు అని. అడుగుల వెంటే వెళ్ళాను. మంచులో అడ్డంగా కట్టిన ఇనప కమ్మీ ఒకటి కనిపించింది. అడుగులు ఆ కమ్మీ దాకా వెళ్ళాయి. కమ్మీకి అవతల ఏమీ లేదు, తెల్లగా ఉంది అంతే.

"సిమ్మాద్రీ!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. "ఒరే సిమ్మాద్రీ! నానా!"

"ఏటక్కా? ఎందుకలగ అరుత్తన్నావు?"

వెనకనుంచి వచ్చింది ఆ మాట. తిరిగి చూస్తే ఇరవై అడుగుల దూరంలో నాలుగు స్తంభాల మీద కట్టిన చిన్న చెక్క పందిరి, అందులో బల్ల మీద వాడు. మెడలో మఫ్లరు తీసి పాదాలకి చుట్టుకుని కూర్చున్నాడు. కమ్మీ దగ్గరనుంచి పందిరికి ఇంకో వరస అడుగులు ఉన్నాయి. నేను చూడనే లేదు. వెళ్ళి ముందు చెంప మీద ఒకటిచ్చాను. తరవాత పట్టుకున్నాను. వాడి జాకెట్టు తడిసి ముద్దగా ఉంది.

"ఫోను ఎందుకు కట్టీసేవురా?"

"చార్జి లేదు. నువ్వు రాలేదని చూసి చూసి నానే ఎక్కీసేను."

"ఈ బూట్లేటి? కింద అవ్వ పోలీసుల్ని పిలుత్తానంటంది!"

"గుడున్నాది కదా మరి" అన్నాడు, నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు. "గుడికి బూట్లేసుకుని ఎవులెక్కుతారు?"

పందిరి ముందు ఒక బండరాయి మీద ఆకు పరిచి ఉంది. ఆకు మీద అన్నం ముద్ద. అక్కడ ఏ కొట్టులోనైనా నూట యాభై యెన్లకి అమ్మే నువ్వులు కలిపిన ముద్ద అది. చుట్టూ ఉండే నాచు ఒలిచి పక్కన పెట్టాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ రోజు తారీకు ప్రకారం నాన్న పోయి సరిగ్గా ఏడాది. నేను తిథి చూసుకుని యాంగోన్‌లోనే పంతులుగారిచేత సంవత్సరీకం జరిపించి, అయిపోయిందనుకుని బయల్దేరాను. వాడికి తిథులు తెలియవు, పంతులు లేడు. తారీకు గుర్తు పెట్టుకుని, సెలవు పెట్టుకుని, ఈ కొండ ఎంచుకున్నాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

"కాకి ముట్టడం లేదక్కా" అన్నాడు. "ఈ ఊరి నిండా కాకులే. రోజూ చెత్తసంచులు పీకి చంపుతాయి. ఈయేల ఒక్కటి రాలేదు. గంటయింది. నాన కోపంగా ఉన్నాడు నా మీద."

"మంచులో కాకులేటొత్తాయిరా" అంటూ వాడి ముందు కూర్చుని మఫ్లరు విప్పాను. పాదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పట్టుకుంటే రాయి పట్టుకున్నట్టుంది. నా చేతులతో రుద్దబోతే, "రుద్దకు, ఒళ్ళో పెట్టుకో చాలు. రుద్దితే తోలు ఊడిపోద్ది" అన్నాడు. పనిలో నేర్చుకున్న సంగతి అది. నా కోటు లోపల పెట్టుకున్నాను. వాడు నా నెత్తిమీంచి ఎటో చూస్తూ అన్నాడు: "రోజుకి పదకొండుమంది కాళ్ళు కడుగుతానక్కా నేను. గోళ్ళు తీస్తాను, మందు రాస్తాను. అందరూ దణ్ణాలెడతారు నాకు. నాన కాళ్ళు ఒక్కపాలి ముట్టలేదు."

వాడి పాదాల మీద కోటు ఇంకా బిగించాను. అప్పుడు వాడే, "కమ్మీ కాడికి ఎల్లేను" అన్నాడు. "కింద బూట్లు ఇప్పినప్పుడు అలాటిదేటీ లేదు. ఒట్టు. కాకి రాలేదని అటెల్లి నిలబడ్డాను. నిలబడితే ఏటో అనిపించింది. బయమేసి వెనక్కొచ్చి కూచున్నాను. మరి లేవలేదు." ఇది రాయమని వాడే అన్నాడు, అందుకే రాస్తున్నాను.

తరవాత అడిగాడు. "నాన నన్నడిగేడా?"

ఏడాదిగా నేను భయపడింది ఈ ఒక్క ప్రశ్నకే. దీనికి నా దగ్గర తయారుగా ఒక జవాబుంది. నాన్నకి మొదటిరోజు నుంచీ తెలివి లేదు, ఎవర్నీ గుర్తుపట్టలేదు అని. అప్పట్లో ఫోనులో వాడికి అదే చెప్పాను. వాడు రాకుండా ఉండాలని చెప్పాను. అది అబద్ధం. వాడి కాళ్ళు నా కడుపు దగ్గర పెట్టుకుని, మళ్ళీ అదే చెబుదామని నోరు తెరిచాను గానీ రాలేదు.

"అడిగేడు" అన్నాను.

"ఎన్నిపాల్లు?"

"తెలివి ఉన్నంతసేపూ అడిగేడు. ఆఖరిదాకా తెలివుంది. 'సిమ్మాద్రి ఒచ్చేడా' అనీవోడు. ఒచ్చెత్తన్నాడు నానా, ఇమానం ఎక్కీసేడు అని చెప్పీదాన్ని. ఆఖరిరోజు పొద్దున్న, 'ఎందాకా ఒచ్చేడు' అన్నాడు. బేంకాక్‌లో దిగేడు, ఇంకో గంటలో ఇక్కడుంటాడు అన్నాను. సరేనని కళ్ళు మూసుకున్నాడు. అంతే."

వాడు నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. "గుర్తు లేదన్నావు కదే. ఏడాది బట్టి నాన నన్ను తల్చుకోకండా ఎల్లిపోయేడనుకుంటన్నాను" అన్నాడు. "ఎందుకలగ చేసేవే అక్కా?"

"నువ్వొచ్చెత్తావని. ఒచ్చి అక్కడ చిక్కడిపోతావని. తప్పు చేసేనురా" అన్నాను. క్షమించమని కూడా అన్నాను. ఇద్దరికి రెండు అబద్ధాలు చెప్పి, ఇద్దర్నీ కాపాడాననుకున్నాను. ఒకడు వస్తున్నాడనుకుని ఒకాయన పోయాడు. ఆయన అడగనే లేదనుకుని ఇంకొకడు చలిలో కమ్మీ దాకా వెళ్ళాడు.

వాడు ఏడవడం మొదలెట్టాడు. నాలుగేళ్ళది, ఏడాదిది, అంతా కలిపి వెక్కివెక్కి ఏడిచాడు. నేను ఆపలేదు. ఏడుపు మధ్యలో "బేంకాక్ దాకా ఒచ్చీసేనని అనుకున్నాడా?" అని అడిగాడు. అనుకున్నాడని చెప్పాను. కొంతసేపటికి లేచి, కుంటుకుంటూ బండరాయి దగ్గరికి వెళ్ళి, ముద్దవైపు తిరిగి, "రాలేకపోయేను నానా. నన్ను రానియ్యలేదు" అన్నాడు. రెండో మాట నాకు తగిలింది, తగలాల్సిందే. ఆ తరవాత కూడా కాకి రాలేదు. వస్తుందేమోనని నేనూ చెట్లకేసి చూశాను. రాలేదు. ముద్ద అక్కడే వదిలేసి, వాడి వాచిన కాళ్ళకి మేజోళ్ళు తొడిగి, నాన్న దోపినట్టు తాళ్ళు దోపి, మెట్ల దారి పట్టాం.

పన్నెండూ ఇరవై ఏడుకి కిందికి చేరాం. అవ్వ మొదటి మెట్టు మీదే నిలబడి ఉంది, ఫోను చేతిలోనే ఉంది. తమ్ముణ్ణి చూసి ఏమీ అనలేదు. దగ్గరికి వచ్చి వాడి బుగ్గలు రెండు అరచేతులతో పట్టుకుని చూసింది, ఆ తరవాత తిట్టడం మొదలెట్టింది. ఆ తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి, వాడికి పూర్తిగా అర్థమయ్యాయి కాబోలు, తల వంచుకుని ప్రతిదానికీ అవునవును అన్నాడు. లోపల కూర్చోబెట్టి తొట్టిలో వేణ్ణీళ్ళు పోయబోతే, వాడే ఆపి గోరువెచ్చగా చాలన్నాడు. వేళ్ళకి స్పర్శ వస్తున్నప్పుడు నొప్పికి పళ్ళు కొరుక్కున్నాడు. నొప్పి వస్తే మంచిదేనట. మర్నాడు క్లినిక్‌కి తీసుకువెళ్ళాను, రెండు వేళ్ళు పదిహేను రోజులు నల్లగా ఉన్నాయి గానీ పోలేదు. వాడు పనిచేసే చోట ఉన్న పెద్ద నర్సుతో కమ్మీ సంగతి కూడా చెప్పించాను. చెప్పనని మొండికేశాడు, నేను వినలేదు. ఇప్పుడు వారానికోసారి ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి మాట్లాడుతున్నాడు. ఆ రోజు ఒంటిగంట బస్సు పోయింది, మూడింటి బస్సుకి బయల్దేరాం. పట్టీలకీ, టీకీ, సోబా నూడుల్స్‌కీ ఎంతివ్వాలని అడిగితే అవ్వ చెయ్యి అడ్డంగా ఊపింది.

యాంగోన్ తిరిగొచ్చాక ఒక శనివారం పగోడాకి వెళ్ళాను. తూర్పు మెట్ల మొదట్లో వందల చెప్పులు, తిరగబడ్డవి, ఒకదానిమీద ఒకటి ఎక్కినవి, పిల్లలవి, సైనికులవి. ఎవరూ వాటిని చూసి భయపడటం లేదు. నేను మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. ఒక్కో జతా ఒక్కో మనిషి, పైన ఏం మొక్కుకుంటున్నాడో, ఏం దాచుకున్నాడో కింద చెప్పుల్ని చూసి ఎవరు చెప్పగలరు? 'బాగానే ఉన్నాను' అన్న మాటా అంతే. ఏడాదిపాటు నేను ఆ మాటని చూస్తూ కూర్చున్నాను, మనిషిని చూడలేదు. నా అబద్ధాన్ని తమ్ముడు పూర్తిగా క్షమించలేదు. అప్పుడప్పుడు ఫోనులో ఉన్నట్టుండి గొంతు మారుతుంది, నాకు తెలిసిపోతుంది. ఇప్పుడు మాత్రం ఫోను బల్లమీద పడేయడు. కోపం మొహంతోనైనా ఎదురుగా కూర్చుంటాడు, నాన్న గురించి అడుగుతాడు. అడిగినవన్నీ ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఇక మీకు చెప్పాల్సిన ఒకే ఒక్క సలహా. జపాన్‌లో కొండ కింద బూట్లు విప్పకండి, గుడి లోపలికి అడుగుపెట్టేటప్పుడు విప్పితే చాలు. విప్పకపోతే మనసొప్పదనుకుంటే, ఎండాకాలం వెళ్ళండి. ఒక కాగితం మీద 'పైకి వెళ్ళాను, దిగి వస్తాను' అని అక్కడివాళ్ళ భాషలో రాసి, ఎగిరిపోకుండా బూటులో దోపి పెట్టండి. ఇది ఆ అవ్వ చెప్పిన ఉపాయమే. మంచు కరిగాక తమ్ముడు ఆ కొండకి మళ్ళీ ఒక్కడే వెళ్ళాడు. మెట్టు పక్కన బూట్లు, బూటులో కాగితం ఫొటో తీసి నాకు పంపాడు. చూస్తే తెలుగులో ఉంది, చిన్నప్పుడు యాంగోన్ గుడిలో ఆదివారం బడికి వెళ్ళి నేర్చుకున్న వంకర అక్షరాలు: దిగొత్తాను. ఒరే, అది అక్కడ ఎవరు చదువుతారని రాస్తే, 'అవ్వకి నోటితో చెప్పేను, ఇది నీకు' అని జవాబిచ్చాడు. షాపులో పని పక్కన పెట్టి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. "దిగేనక్కా" అని వచ్చింది.